వరద దగ్గర లైబ్రరీ కార్డు లేదు

మధ్యాహ్నం రెండూ పదికి బైండరు జిగురు గిన్నె స్టవ్ మీద పెట్టి మంట తగ్గించాడు.

అతని షాపు యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా ఉంది. దాని గోడకి ఆనుకునే టీ కొట్టు. రెండింటికీ ఒకటే రేకుల పందిరి, ఒకటే పొడుగు బల్ల. బల్ల మీద కూర్చున్న మనిషి టీ కోసం వచ్చాడో థీసిస్ కోసం వచ్చాడో చూసి చెప్పడం కష్టం.

ఆ రోజు షాపులో ఉన్న పని ఒక్కటే. చరిత్ర శాఖలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి థీసిస్, ఐదు కాపీలు. ముప్ఫై రెండేళ్ల కిందట ఊరిని ముంచిన వరదని ఆసుపత్రి, బడి, తపాలా ఆఫీసు, యూనివర్సిటీ లైబ్రరీ ఎలా తట్టుకున్నాయన్నది విషయం. ఐదు దొంతరలూ కుట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. ప్రతి దొంతరలోనూ ఒకే చోట పసుపు చీటీ దూర్చి ఉంది. అక్కడ ఒక కాగితం రావాలి. నాలుగో అధ్యాయం మొదటి పేజీ అది. ఆ పేజీలో ఒక వాక్యం ఉంది, ఆ వరదలో లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా పోలేదని. దాని కింద ఫుట్‌నోట్ ఉండాల్సిన చోట ఖాళీ.

ఊరి గురించి రాసినవాళ్లందరూ ఈ వాక్యం రాశారు. అమ్మాయి దాన్ని వెనక్కి తరుముకుంటూ రెండు నెలలు తిరిగింది. నిరుడు వచ్చిన వ్యాసం ఒక పుస్తకాన్ని చూపించింది. పుస్తకం ఒక సదస్సు పత్రాన్ని చూపించింది. పత్రం లైబ్రరీ వార్షికోత్సవ సంచికని చూపించింది, అరవై ఒకటో పేజీ అని. తర్వాతివాళ్లు కూడా అరవై ఒకటే వేశారు. చివరికి సంచిక ఒక పాత బీరువాలో దొరికింది. దానికి ఉన్నవే నలభై ఎనిమిది పేజీలు. అంటే అన్నేళ్లలో దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు, ముందువాడి ఫుట్‌నోట్ చూసి తమ ఫుట్‌నోట్ వేసుకున్నారు. వెతగ్గా ఆ వాక్యం పన్నెండో పేజీలో కనిపించింది. ఆధారం లేదు. చివర "అని పెద్దలు చెబుతారు" అని మాత్రం ఉంది.

గైడు ఆ పొద్దున ఫోన్‌లో తేల్చి చెప్పింది. పెద్దలంటే ఎవరో చూపించు, లేకపోతే వాక్యం తీసెయ్. తీసేస్తే లైబ్రరీ గురించి చెప్పడానికి అమ్మాయి దగ్గర మరేమీ లేదు, రికార్డులు వరద బురదలో పోయాయి. లైబ్రరీ లేకపోతే నాలుగో అధ్యాయం నిలబడదు. యూనివర్సిటీ ఆఫీసు కిటికీ ఐదింటికి మూస్తారు, థీసిస్ ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. ఇచ్చినట్టు రసీదు తెచ్చి చూపిస్తే మర్నాడు పొద్దున ఒక మహిళా కాలేజీలో లెక్చరరుగా చేరవచ్చు. చూపించలేకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాత ఉన్నవాళ్లకి వెళ్తుంది.

బైండరు తన లెక్క తను చెప్పాడు. కాగితం మూడున్నరకి చేతికొస్తే నాలుగున్నరకి పుస్తకాలు ఇవ్వగలడు. ఆ తర్వాతయితే జిగురు ఆరదు. తడి అట్టతో ఇస్తే కిటికీలో ఆవిడ తీసుకోదని, పోయిన నెల ఒకడి థీసిస్ ఆవిడ చేతికి అంటుకుని మధ్యాహ్నమంతా వదల్లేదని చెప్పాడు.

బల్ల చివర, గోడ వైపు కూర్చుని ఇదంతా వింటున్నవాడు స్టాంపు మావయ్య. యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్లో కూర్చుని పుస్తకాల మీద గడువు తేదీ స్టాంపు కొట్టి రిటైరైన మనిషి. అమ్మాయికి స్వయానా మేనమామ, మిగతా వీధికి అలవాటు కొద్దీ మావయ్య. బైండరు ఒక్కడే బావా అంటాడు, ఎగతాళికి వీలుగా ఉంటుందని. ఆయన చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన దాంట్లో సగం నమ్మాలన్నది అక్కడి లెక్క. వరద గురించి ఆయన్ని అడగాలని అమ్మాయికి తోచకపోలేదు. చిన్నప్పటి నుంచి వింటోంది కనక అడగలేదు.

"పెద్దలు చెబుతారని రాశాడా, పేరు వెయ్యకుండా? చూశావా లోకం," అని మావయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆ పెద్దలెవరనుకున్నావమ్మడూ? నేనే. ఆ సంచిక వేసినాయన ఈ బల్ల మీదే నా పక్కన కూర్చుని, నాలుగు టీలు తాగి, నా నోటమ్మట విని వెళ్లాడు. నువ్వు రెండు నెలలు ఊరంతా తిరిగావు. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టు."

అమ్మాయి ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. తర్వాత సంచిలోంచి తెల్ల కాగితాలు, పెన్ను తీసి బల్లకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన ముగించేదాకా రాసుకుంటూనే ఉంది.

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పను. చేసింది చిన్న పనే. ఆ సాయంత్రం వాన. కౌంటరు మూసి బయటికొచ్చేసరికి కింది మెట్టు తడిసి ఉంది. నాకెందుకో ఒళ్లు జలదరించింది. వెనక్కి వెళ్లి మొదటి బీరువా కింది అరలో పుస్తకాలు తీసి పై అరలో పెట్టాను. ఇరవయ్యో ముప్ఫయ్యో. అంతే. ఎవరైనా చేస్తారు."

"చేస్తారు," అని టీ కొట్టావిడ ఒప్పుకుంది. పొయ్యి ఇప్పుడే రాజుకుంటోందని ఆవిడకి తెలుసు.

"కానీ ఒక్క బీరువా సర్ది ఊరుకుంటే మిగతావి ఏం పాపం చేశాయి చెప్పు, వాటికి మాత్రం ప్రాణం కాదా, అందుకని మొత్తం హాలు మేడ మీదికి ఎక్కించడం మొదలుపెట్టాను, ఒక్కో చేతి మీద పదేసి, గడ్డం కింద రెండు, నెత్తిన పెద్ద నిఘంటువు, ఆ నిఘంటువు బరువుకే నా మెడ లోపలికి దిగిపోయింది, అంతకు ముందు ఫోటోలు చూడు, నాకు మెడ ఉండేది. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. ఎంత వేగమంటే, మెట్ల మలుపులో ఒకసారి పైకి వెళ్తున్న నాకు కిందికి వస్తున్న నేను ఎదురయ్యాను. దారి ఇవ్వాల్సొచ్చింది."

"ఎవరు ఎవరికి ఇచ్చారు బావా?" బైండరు జిగురు కలుపుతూనే అడిగాడు.

"బరువు మోసేవాడికి ఖాళీగా ఉన్నవాడు ఇస్తాడు. ఆ మాత్రం మర్యాద తెలియదా నీకు? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది. తలుపు కింద నుంచి నీళ్లొచ్చాయి. వచ్చి ఆగాయి. ఎక్కడ? నా కౌంటరు ముందు. ఎందుకు? కౌంటరు ముందుకొచ్చిన ఎవణ్ణయినా నేను ఒకటే మాట అడుగుతాను కదా, కార్డేదీ అని. చీకట్లో అలవాటుగా అడిగేశాను. వరద దగ్గర కార్డెక్కడుంటుంది? నిలబడిపోయింది. దాని వెనకొచ్చిన నీళ్లు దాని వెనకే నిలబడ్డాయి. వీధి చివరిదాకా వరస. తోపులాట లేదు, అరుపులు లేవు, పరీక్షల ముందు మన ఎమ్మే పిల్లలు అందులో సగం బుద్ధిగా నిలబడితే నాకు బీపీ వచ్చేది కాదు."

"కార్డు లేదని పంపెయ్యకపోయారా అన్నయ్యగారూ," అంది టీ కొట్టావిడ.

"పంపేస్తే ఎక్కడికెళ్తుంది పాపం? బయట వాన." మావయ్య గ్లాసెత్తి ఒక గుక్క తాగి దించాడు. "జాలిపడ్డాను. అదే నా బలహీనత. రిఫరెన్సు గదిలోవి బయటికివ్వం, కావాలంటే కథల బీరువా ఒకటి పట్టుకెళ్లమన్నాను. ఎత్తుకుంది. గుమ్మం దాటబోతుంటే ఆగమని, పుస్తకాలు తడిశాయి కదా, వాటి మీద సిరా నిలవదని, అల మీదే స్టాంపు కొట్టాను. పద్నాలుగు రోజుల గడువు. ఆ ఊదారంగు తేదీ ఏటి మలుపుదాకా చెదరకుండా తేలుతూ పోయిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఇక పద్నాలుగో రోజు కౌంటరు తెరిచి కూర్చున్నా. పదయింది, రాలేదు. పదకొండయింది, రాలేదు. లైబ్రేరియనుగారు పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు. పన్నెండయ్యేసరికి వీధిలో నీళ్లు. చుక్క వాన లేదు, ఎండ మాడ్చేస్తోంది, నీళ్లు. అదీ పల్లానికి కాదు, మెరక ఎక్కుతూ, ఆయాసపడుతూ. బీరువా తెచ్చి కౌంటరు ముందు దించింది. లెక్క చూసుకుంటే ఒక్కటి తగ్గలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, మనుషుల్లో అంత నిజాయితీ నేను చూళ్లేదు. మీ శాఖలో ఒకాయన పట్టుకెళ్లిన అట్లాసు ఇప్పటికీ తిరిగి రాలేదు."

"అయితే ఒక్క పుస్తకం కూడా పోలేదన్నమాట," అన్నాడు బైండరు.

"ఆగవయ్యా, అసలు సంగతి ఇప్పుడొస్తోంది. కథల మధ్యలో పొరపాటున ఈ ఊరి చరిత్ర పుస్తకం ఒకటి కలిసి వెళ్లింది. లోకంలో అది ఒకటే కాపీ. తెరిచి చూద్దుము కదా, మొదటి నుంచి చివరిదాకా తెల్ల కాగితం. వరద చదివేసింది. కొత్తగా చదవడం నేర్చినవాళ్లు వేలు పెట్టి నొక్కి నొక్కి చదవరూ, అలా చదివినట్టుంది, అక్షరాలన్నీ దానికి అంటుకుని పోయాయి. మరి పుస్తకం ఉన్నట్టా, పోయినట్టా? లైబ్రేరియనుగారు తల పట్టుకున్నాడు. నేను ఒకటే అడిగాను. అయ్యా, ఈ పుస్తకంలోంచి ఎత్తి రాసినవాళ్లు ఎంతమంది ఉన్నారు అని."

ఇక్కడ అమ్మాయి తలెత్తి చూసింది. మళ్లీ దించి రాసుకుంది.

"మేడ మీదున్నవన్నీ దించాను. ఎవరు ఏ మాట ఎత్తి రాశారు, కింద ఫుట్‌నోట్‌లో ఏ పేజీ వేశారు, చూడ్డం, ఆ మాట తీసుకొచ్చి ఆ పేజీలో నాటడం. ఒకాయన మూడో పేజీ నుంచి రెండు వాక్యాలు తీసుకున్నాడు, నాటాను. ఇంకొకాయన డెబ్భయ్యో పేజీలో పేరా మొత్తం లేపుకుపోయాడు, తెచ్చి నాటాను. వారం తిరక్కుండా నారు మడిలా పుస్తకం పచ్చగా లేచి నిలబడింది. ఫుట్‌నోట్లు సరిగ్గా వెయ్యండ్రా అని పిల్లల్ని నేను ఊరికే తిడతాననుకున్నారా? ఈ ఊరి చరిత్ర ఫుట్‌నోట్లు పట్టుకుని ఈది ఒడ్డున పడింది."

"తేడా ఏమీ రాలేదూ?" అని బైండరు అడిగాడు.

"ఒక్కచోట వచ్చింది. రాజు నలభయ్యో పేజీలో చచ్చిపోయాడు. తొంభయ్యో పేజీలో పట్టాభిషేకం. మధ్యలో యాభై పేజీలు శవం యుద్ధాలు చేస్తోంది, పైగా గెలుస్తోంది. ఏమిటా అని తీగ లాగితే, ఎవరో ప్రొఫెసరుగారు ఆ చావుకి పేజీ తప్పు వేశాడు. నూటనలభై అనాల్సింది నలభై అన్నాడు. రైలెక్కి తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. అయ్యా, తమరు వంద పేజీలు మింగేశారు, అక్కడ రాజు పీనుగై కత్తి తిప్పుతున్నాడు, ఆయన్ని కాస్త పడుకోబెట్టండి అన్నాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని గుమ్మంలోనే పెన్ను తీసి దిద్దాడు. నేను తిరిగొచ్చి చూసేసరికి రాజు నూటనలభయ్యో పేజీలో ప్రశాంతంగా పోయి ఉన్నాడు."

"అంత దూరం వెళ్లారు, భోజనం పెట్టారా?" టీ కొట్టావిడ అడిగింది.

"ఫుట్‌నోట్ దిద్దించినవాణ్ణి పస్తు పంపుతారా? ఇక మొత్తం పుస్తకానికి మూడంటే మూడు లైన్లు దొరకలేదు. ఎవరూ ఎన్నడూ ఎత్తి రాయని లైన్లవి. ఏం చెయ్యాలిరా దేవుడా అనుకుంటుంటే సాక్షాత్తూ ఆ పుస్తకం రాసినాయనే కర్ర పట్టుకుని వచ్చాడు. తొంభై ఏళ్లు. కూర్చుని అంతా చదివి, బాబూ, ఆ మూడు లైన్లు నేనే తీసేద్దామని నలభై ఏళ్ల నుంచి అనుకుంటున్నాను అన్నాడు. అంతటితో అయిపోయిందా? వాళ్లింట్లో అటక మీద ఆయన చేతిరాత ప్రతి ఉంటే దింపించి నా దానితో పోల్చారు. ఏడు చోట్ల తేడా. పండితులందరూ కూర్చుని చివరికి ఏం తేల్చారో తెలుసా? ఆయన రాసుకున్నదే తప్పు. నా నకలు చూసి మూలాన్ని దిద్దుకున్నారు."

బైండరు గరిట ఆపి, చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మావయ్య దాన్ని మామూలుగా స్వీకరించాడు.

"ఇప్పటికీ ప్రతి వానాకాలం ఆ ఏరు ఈ వీధి మొగదాకా వచ్చి, లైబ్రరీ బోర్డు చూసి, తన దగ్గర మన పుస్తకాలేమైనా ఉండిపోయాయేమోనని ఒకసారి తడుముకుని వెనక్కి పోతుంది. అంచేత అమ్మడూ, ఒక్క పుస్తకం కూడా పోలేదు. రాసుకో. కింద నా పేరు వెయ్యి."

అప్పటికి మూడూ ఐదు. షాపు గోడకున్న గడియారం వైపు అమ్మాయి ఒకసారి చూసింది.

"వేస్తాను మావయ్యా. పూర్తి పేరు చెప్పు, ఇంటిపేరుతో సహా."

ఆయన చెప్పాడు. అన్నేళ్లుగా ఆ బల్ల మీద కూర్చునేవాళ్లు ఆ పేరు వినడం అదే మొదలు. వయసు అడిగింది, చేసిన ఉద్యోగం అడిగింది, ఫోన్ నంబరు అడిగింది. నంబరు అంకె అంకె విడదీసి చెప్పి, చొక్కా కాలరు సర్దుకున్నాడు.

తర్వాత అమ్మాయి వాళ్ల శాఖ పద్ధతి వివరించింది. పుస్తకం నుంచి తీసుకుంటే పేజీ వేస్తారు. మనిషి నోటి నుంచి తీసుకుంటే పేజీ ఉండదు కనక, ప్రతి మాటకీ ఆ మనిషి స్వయంగా చూశాడా, ఇంకొకరి దగ్గర విన్నాడా అన్నది రాయాలి. థీసిస్ లైబ్రరీలో ఉన్నంతకాలం ఆ మాట ఆ పేరు మీదే ఉంటుంది. తప్పయితే తప్పు కూడా ఆ పేరు మీదే. అనుమానం వస్తే పరీక్ష చేసేవాళ్లు ఆ నంబరుకి ఫోన్ చేసి అడగవచ్చు. ఇదంతా చెప్పి ఆమె మొదటి కాగితం పైకి తీసింది.

"కార్డు లేనందువల్ల వరద కౌంటరు ముందు నిలబడింది. చూశావా, విన్నావా?"

ఎవరూ నవ్వలేదు, ఆమె నవ్వలేదు కనక. పెన్ను కాగితం మీద ఆనించి ఎదురు చూస్తోంది.

"అది కూడా రాసుకున్నావా?" అన్నాడు మావయ్య.

"అన్నీ రాసుకున్నాను."

"అది కొట్టెయ్యి."

కొట్టేసింది. "పుస్తకం రాసినాయన కర్ర పట్టుకుని వచ్చి చదివాడు. చూశావా, విన్నావా?"

"ఆయన వరదకి ముందే పోయాడు. ఆ రోజు లైబ్రరీకి సెలవిచ్చారు. సెలవు నేను చూశాను."

సెలవుతో పనిలేదని ఆమె అదీ కొట్టేసింది. ఆ తర్వాత వరసగా చాలా వెళ్లిపోయాయి. అటక మీది ప్రతి వెళ్లింది. పండితులు లేచి వెళ్లారు. రైలు, ప్రొఫెసరు, భోజనం వెళ్లాయి. రాజు మళ్లీ పోయాడు, ఈసారి పేజీ లేకుండా. ఊరి చరిత్ర పుస్తకం దగ్గర మాత్రం మావయ్య కాగితం మీద వేలు పెట్టి ఆపాడు. అందులో ఒక పేజీ మూల చిరిగి నాలుగు లైన్లు పోయిన మాట నిజమన్నాడు. ఆ నాలుగు లైన్లూ ఎవరో తమ పుస్తకంలో ఎత్తి రాసుకుంటే తన కంటపడ్డాయి. మార్జిన్‌లో పెన్సిల్‌తో వేసి, ఎక్కడి నుంచి తెచ్చాడో కింద రాశాడు. కావాలంటే ఆ పుస్తకం వెళ్లి చూసుకోవచ్చు. వరదకీ దానికీ సంబంధం లేదు.

"ఆ రాత్రి పుస్తకాలు మేడ మీదికి ఎక్కించావు. అది?"

"ఎక్కించినవి ఉన్నాయి. ఎక్కించింది నేను కాదు." మావయ్య గొంతు తగ్గింది. "నేనసలు ఊళ్లో లేను. మీ అత్తయ్య పుట్టింట్లో ఉన్నాం. రోడ్డు తెగిపోయింది. ఎక్కించింది వాచ్‌మన్, వాళ్లావిడ. వాళ్లు చెప్పగా విన్నాను."

విన్నది అని ఆమె రాసింది. ఇలాంటి అదనులో నాలుగంటించకుండా ఉండని బైండరు, అప్పుడు గిన్నె వైపు తిరిగి జిగురు కలుపుకుంటున్నాడు.

చివరి వాక్యం మిగిలింది, ఒక్క పుస్తకం కూడా పోలేదన్నది. అమ్మాయి కాగితం ఆయన వైపు తిప్పింది.

"మావయ్యా, ఇది కూడా కొట్టేస్తే నాకు లైబ్రరీయే లేదు," అంది. "చూశావా, విన్నావా?"

మావయ్య షాపులోకి చూశాడు. ఐదు దొంతరల్లోంచి ఐదు పసుపు చీటీలు బయటికి కనిపిస్తున్నాయి. చూశానని ఒక్క మాట అంటే వాటి స్థానంలో కాగితాలు పడతాయి. ఆ మాట కాదనగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఆయన చేతిలో గ్లాసు ఖాళీ అయి చాలాసేపయింది, అయినా ఒకసారి ఎత్తి మళ్లీ దించాడు.

"కొట్టెయ్యమ్మా," అన్నాడు.

ఆమె పెన్ను కదల్లేదు.

"పోయాయి. మూడో రోజు దారి పడ్డాక వచ్చాను. తలుపు తీసిన నలుగురిలో నేనొకణ్ణి. నీళ్లు అప్పటికి దిగిపోయాయి. కింది అరల్లో పుస్తకాలు నీళ్లు తాగి ఉబ్బి ఉన్నాయి. ఎంత లాగినా రాలేదు. ఒకదాన్నొకటి ఒత్తుకుని బిగుసుకుపోయాయి. బీరువాల పక్క చెక్కలు విరగ్గొట్టి తీశాం. మేడ మీద తాళ్లు కట్టి ఆరేశాం. పేజీకీ పేజీకీ మధ్య వేళ్లు పెట్టి విడదీస్తే అట్టు ముక్కల్లా ఊడొచ్చేవి. కొన్ని ఆరాయి. తక్కినవి వారంలో బూజు పట్టాయి. ఆ వాసనకి ఇప్పటికీ నాకు తడి కాగితం పడదు. తొమ్మిది బీరువాల కింది అరలు పోయాయి. బండిలోకి ఎత్తింది నేనూ, వాచ్‌మనూ. ఇది చూశాను."

అమ్మాయి రాస్తూ ఉంది. ఆయన ఇంత పొట్టి వాక్యాలు మాట్లాడగా అక్కడివాళ్లు ఎప్పుడూ వినలేదు. టీ కొట్టావిడ అడక్కుండానే ఆయన గ్లాసు నింపింది.

"ఇది ఇంతకు ముందు ఎవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారు? ఎన్ని పోయాయని అడిగినవాడు ఒక్కడు లేడు. ఒక్కటీ పోలేదట కదా అనే అడిగేవాళ్లు. అంత ఆశగా అడిగితే కాదని ఎలా అంటాం? అవునంటూ వచ్చాను. అన్నాక ఊరికే అవుననడం బాగోదు కదా, కాస్త కథ కూడా చెప్పాలి."

అమ్మాయి లేచి పందిరి అంచుకి వెళ్లి గైడుకి ఫోన్ చేసింది. కాగితం చూసి చదివి వినిపించింది. చెక్కలు విరగ్గొట్టిన చోట ఆగి మళ్లీ చదవాల్సొచ్చింది, అవతల అడిగినట్టుంది. కాసేపు విని, సరే మేడమ్ అని రెండుసార్లు అని, తిరిగొచ్చింది. లైబ్రరీ అధ్యాయంలో ఉంటుందని చెప్పింది. ఒక్క పుస్తకం కూడా పోలేదని అందరూ రాసిన వాక్యం ముందు వస్తుంది. అది ఏ సంచికలో, నిజంగా ఏ పేజీలో పుట్టిందో దాని ఫుట్‌నోట్‌లో ఉంటుంది. ఆ తర్వాత మావయ్య మాట. గైడు ఒక ప్రశ్న అడిగిందట, ఇన్నాళ్లూ ఈ మనిషి ఎక్కడున్నాడని. బల్ల చివర ఉన్నాడని చెప్పలేక ఊరుకుందట.

పేజీ మళ్లీ టైపు చేసి, పక్క జిరాక్సు షాపులో ప్రింటు తీయించేసరికి మూడున్నర దాటింది. బైండరు గడియారం వైపు చూడకుండా కాగితాలు అందుకున్నాడు. ఐదు పసుపు చీటీలు తీసి జేబులో వేసుకుని, కుట్టడం మొదలుపెట్టాడు. కొత్త పేజీ అడుగున ఫుట్‌నోట్ మూడు లైన్లు ఉంది. పేరు, పూర్వపు ఉద్యోగం, మాట్లాడిన తేదీ, స్థలం. ఆ తర్వాత, పుస్తకాలు మేడ మీదికి చేర్చిన విషయం విన్నది, కింది అరల విషయం చూసినది.

మావయ్య ఆ ప్రింటు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. తన పేరు అంత చిన్న అక్షరాల్లో వేశారేమని అడిగాడు. ఫుట్‌నోట్ అంటే అంతే మావయ్యా అని అమ్మాయి చెప్పింది. పోనీలే, చిన్న అక్షరాలయితేనే జనం దగ్గరగా వచ్చి చూస్తారని ఒప్పుకున్నాడు.

థీసిస్ ఐదింటికి పది నిమిషాల ముందు కిటికీలోకి వెళ్లింది. ఆవిడ అట్ట మీద వేలు ఆనించి చూసి తీసుకుంది. మర్నాడు అమ్మాయి కాలేజీలో చేరింది. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర మావయ్య, బల్ల మీద కొత్తగా వచ్చి కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లకి, తను ఒక్కడే వీపుతో ఆనించి నిలబెట్టిన లైబ్రరీ గోడ గురించి చెబుతూ కనిపించాడు.

కొన్ని వారాల తర్వాత, వేరే ఊళ్లో ఉన్న పరీక్షకుడి నివేదిక వచ్చింది. అందులో ఆ ఫుట్‌నోట్ గురించి ఉన్నది ఒకే వాక్యం. సమాచారం ఇచ్చిన వ్యక్తికి ఫోన్ చేసి సరిచూశాను, ఆయన చెప్పినదానికీ ముద్రించినదానికీ అక్షరం తేడా లేదు. అమ్మాయి ఆ మాట చెప్పడానికి మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు ఆయన లేడు. ఫోన్ వచ్చిన మాట నిజమేనని అత్తయ్య చెప్పింది. ఆ పని మొదటి నిమిషంలోనే అయిపోయిందట. ఫోన్ పెట్టేసరికి గంటన్నర అయిందట, మధ్యలో రెండుసార్లు ఆ తర్వాత ఏమైందని అవతలాయనే అడిగాడట.